చిన్న నత్తకు నూరు పేర్లు: కొత్త జాతిని గుర్తించుట ఎట్లు?

సముద్రపు నత్తకును మన వరిమడికిని ఏమి సంబంధమని మీలో కొందరికి తోచవచ్చును. ఎరువులను గురించియు, విత్తనములను గురించియు, తెగుళ్లను గురించియు ఈ పుటలలో చదువుటకు అలవాటుపడినవారికి అట్లు తోచుట సహజమే. అయినను ఈ వ్యాసమును కడవరకు చదువుడని కోరుచున్నాము. ఒక ప్రాణిని చేతిలో పెట్టుకొని "ఇది ఫలానా" అని నిశ్చయముగా చెప్పుట ఎంత కష్టమో, చెప్పలేకపోయినచో ఎంత నష్టమో, ఈ నత్త కథవలన తేటతెల్లమగును.

ముందుగా మీకు తెలిసిన సంగతితోనే ప్రారంభింతము. బాపట్లలో రూపొంది 1986లో విడుదలయైన బి.పి.టి. 5204 వరికి సాంబ మసూరి అని పేరు. బజారులో ఈ బియ్యమే 'సోనా మసూరి' అను పేరుతో అమ్ముడగుచుండుట మీరు చూచియే యుందురు. కాని అసలు సోనా మసూరి యనునది బి.పి.టి. 3291 అను వేరొక రకము. ఒకే రకమునకు రెండు పేర్లు. ఒకే పేరు క్రింద రెండు రకములు. విత్తనము కొను రైతుకు దీనివలన వచ్చు చిక్కును వేరుగా చెప్పనక్కరలేదు. మనుష్యులే పెంచి, మనుష్యులే పేరుపెట్టిన పైరు సంగతియే ఇట్లున్నపుడు, ఎవరి పెంపకమును లేక రాళ్లమీద పుట్టి రాళ్లమీద పెరుగు ప్రాణుల సంగతి ఎట్లుండునో ఊహించుకొనుడు.

రాళ్లమీది నత్త

మీరెప్పుడైన విశాఖపట్నమునకో, భీమునిపట్నమునకో పోయినపుడు, సముద్రము పాటు తీసిన వేళ ఒడ్డున ఉన్న రాళ్లను వంగి చూడుడు. గోరంత నత్తలు, అంతకంటె చిన్నవి, రాతి పగుళ్లలో గుంపులుగా అంటుకొని యుండును. పోటు వచ్చినపుడు తడియును, పాటు తీసినపుడు ఎండకు కాగును. ఒంటిలోని తేమ ఆరిపోకుండ గుల్ల నోటిని పలుచని మూతతో బిగించుకొని, మరల తడి తగులువరకు ఓర్చుకొని యుండును. ఆకురాయివంటి నాలుకతో రాతిమీది పాచిని గీకి తినుటయే వాటి జీవనము. ఇట్టి నత్తల కుటుంబమునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు లిట్టోరినిడే.

ఈ కుటుంబమునకు చెందిన కొన్ని నత్తలు చల్లని సముద్రములలో, ముఖ్యముగా అట్లాంటిక్ మహాసముద్రపు ఉత్తర భాగమున, ఇటు ఐరోపా ఒడ్డునను అటు అమెరికా ఒడ్డునను విస్తారముగ నున్నవి. ఇంగ్లీషువారు వాటిని వింకిల్ అని పిలుతురు. అందులో పెద్ద రకమును ఉడికించి, సూదితో మాంసమును బయటకు లాగి తినుట అచ్చట వాడుక. మనకు కావలసినది ఆ పెద్దది కాదు. దాని ప్రక్కనే, ఇంకను ఎగువ రాళ్లమీద బ్రదుకు చిన్నది, గరుకు గుల్లది. దాని శాస్త్రీయ నామము లిట్టోరైనా సాక్సటిలిస్. ఒలీవి అను ఇటలీ దేశపు పండితుడు 1792లో వెనిస్ ప్రాంతమున దొరికిన నమూనాలనుబట్టి దానిని మొదట వర్ణించెను.

అప్పటినుండి ఈ నత్త పండితులను పెట్టిన తిప్పలు ఇంతింత కావు. ఒక రాతిమీద తెల్లగా నుండును. మరొక రాతిమీద నల్లగా నుండును. పసుపు, నారింజ, గోధుమరంగులు గలవి కలవు. పట్టెలు గలవి, గళ్లు గలవి కలవు. కొన్నిటి గుల్ల నున్ననిది, కొన్నిటిది గాడులు పడినది. ఒకచోట దళసరి, మరొకచోట చేతితో నలిపిన చితుకునంత పలుచన. ఒడ్డున తిరుగు ప్రతి సేకర్తయు తనకు దొరికినది కొత్త జాతియని తలచి ఒక కొత్త పేరు పెట్టెను. ప్రపంచములోని సముద్ర ప్రాణులన్నిటి పేర్లను ఒక పట్టికలో చేర్చు శాస్త్రజ్ఞులు 2015లో లెక్క చూడగా, ఈ ఒక్క నత్తకే నూటికిపైగా పేర్లు తేలినవి! అప్పటి లెక్కలో సముద్ర ప్రాణులకు గల పేర్లు సుమారు 4,19,000. అందులో సుమారు 1,90,000 ఇట్లు ఉన్నదానికే మరల పెట్టిన పేర్లని తేలెను. అనగా రమారమి సగము. ఒక గ్రామపు అడంగలులో సగము కమతములు ఒకే ఆసామికి వేరువేరు పేర్లతో వ్రాసియుండినచో శిస్తు లెక్క ఏమగునో గ్రామోద్యోగులకు చెప్పవలసిన పనిలేదు.

ఎందుకీ మార్పులు?

పండితులను ఎగతాళి చేయుట మా ఉద్దేశము కాదు. వారు పొరబడుటకు తగిన కారణము కలదు. తినుటకు పనికివచ్చు పెద్ద వింకిల్ తన గ్రుడ్లను నీటిలో విడుచును. పిల్లలు కొన్ని వారములు నీటిలో తేలియాడుచు ఎక్కడికో కొట్టుకొనిపోయి, అక్కడ రాతికి అంటుకొనును. జిల్లేడు కాయ పగిలినపుడు గింజలు గాలికి పోయినట్లన్నమాట. అందుచేత ఆ జాతి ఎక్కడ చూచినను ఇంచుమించు ఒకే రీతిగ నుండును. గరుకు నత్త పద్ధతి వేరు. దాని తల్లి గ్రుడ్లను తన ఒంటిలోని సంచిలోనే పొదుగును. పిల్లలు గుల్లతో సహా తయారై, బయటపడిన వెంటనే తల్లి యున్న రాతిమీదనే ప్రాకుట ప్రారంభించును. అరటి పిలకలవలె తల్లి మొదటనే పెరుగును గనుక, ఒక రాతి గుంపునకును నూరు గజముల దూరమున నున్న మరొక గుంపునకును రాకపోకలు చాల తక్కువ. ప్రతి గుంపును తన చోటికి తగినట్లు రూపు మార్చుకొనును.

ఈ మార్పు ఎంత త్వరగా జరుగునో స్వీడన్ దేశమున ఒక ప్రయోగమువలన తెలిసినది. అక్కడి పడమటి తీరమున ఎండ్రకాయలు తిరుగు గులకరాళ్ల ఒడ్డులలో ఈ నత్త పెద్దదిగను, గుల్ల దళసరిగను, నోరు ఇరుకుగను ఉండును. ఎండ్రకాయ డెక్క దానిని సులభముగ పగులగొట్టలేదు. అలలు కొట్టు బోడి రాళ్లమీద అదే జాతి నత్త చిన్నదిగను, పలుచగను, పెద్ద నోరు గలదిగను ఉండును. నోరు పెద్దదైనపుడు పాదము పెద్దదగును. పాదము పెద్దదైనపుడు పట్టు గట్టిదగును. 1988లో విషపు నాచు విపరీతముగ పెరిగి అచ్చటి చిన్న చిన్న రాతి తిప్పలమీది నత్తలు నశించినవి. నాలుగేండ్లు గడచిన పిమ్మట, 1992లో కెర్స్టిన్ యోహానెసన్ అను శాస్త్రవేత్త ఎండ్రకాయల చోటినుండి సుమారు 700 నత్తలను తెచ్చి, అలలు కొట్టు అట్టి ఒక తిప్పమీద విడిచెను. అప్పటినుండి ముప్పది యేండ్లు వాటిని కనిపెట్టి చూచి, ఫలితములను 2024లో ప్రకటించిరి. దళసరి గుల్ల నత్తల సంతతియే అలల రాళ్లమీది నత్తలవలె చిన్నదై, పలుచనై, రంగును సైతము మార్చుకొన్నది.

కావున రూపు వేరైనంత మాత్రమున జాతి వేరని చెప్పరాదు. ఇది ఒక వైపు సంగతి. దీనికి నేరుగా ఎదురైనది రెండవ వైపు. రూపు ఒకటేయైనను జాతి వేరై యుండవచ్చును. గుర్తింపు విద్యలో నిజమైన కష్టమిదియే.

దాగియున్న జాతి

1975లో హెల్లర్ అను శాస్త్రవేత్త బ్రిటన్ తీరపు గరుకు నత్తలను పరిశీలించి, వాటిని నాలుగు జాతులుగ విడదీసెను. తరువాత వచ్చినవారు ఆ విభజనను అంతటిని అంగీకరింపలేదు. అందులో కొన్ని ఒకే జాతికి చెందిన రూపభేదములని తేల్చిరి. కాని ఆయన ఒక మంచి పని చేసెను. గుల్లను చూచుట చాలదనియు, సంతానమును కను పద్ధతినికూడ చూడవలెననియు అందరికిని తోపజేసెను. ఆ బాటలోనే నడచి హానఫర్డ్ ఎల్లిస్ 1978లో ఒక కొత్త జాతిని ప్రకటించిరి. దానికి పెట్టిన పేరు లిట్టోరైనా అర్కానా. లాటిన్ భాషలో 'అర్కానా' యనగా గుప్తమైనది, రహస్యమైనది అని అర్థము. తగిన పేరు! సేకర్తలు తరతరములుగ త్రొక్కుచు తిరిగిన రాళ్లమీదనే, గరుకు నత్తల గుంపులలోనే కలిసి మెలిసి, అందరి కన్నులయెదుటనే అది దాగియుండెను.

అది కొత్తదని ఎట్లు గుర్తించిరో కొంచెము వివరముగ చెప్పవలసియున్నది.

రెండు జాతుల నత్తలను ఒక పళ్లెములో పోసి మీ ముందుంచినచో మీరు విడదీయలేరు. నిపుణులును గుల్లనుబట్టి నిస్సందేహముగ విడదీయలేరు. ఎత్తు కొలిచినను, నోటి వెడల్పు కొలిచినను, గాడులు లెక్కించినను, ఒకదాని కొలతలు మరొకదాని కొలతలలో కలిసిపోవును. సగటు తీసినపుడు గుంపునకును గుంపునకును కొంత భేదము కనబడవచ్చును గాని, చేతిలో నున్న ఒక్క నత్తను గురించి సగటు ఏమియు చెప్పదు. ఎకరమునకు సగటు దిగుబడి ఇరువది బస్తాలని తెలిసినంత మాత్రమున మీ మడిలో ఎన్ని పండినవో తెలియదు గదా.

అందుచేత గుల్లను జాగ్రత్తగ పగులగొట్టి లోపలి ప్రాణిని చూడవలెను. ముందు ఆడదో మగదో తేల్చవలెను. మగదానికి కుడి మీసము వెనుక భాగమున మగ అంగము స్పష్టముగ కనబడును. ఆడదైనచో భూతద్దము క్రింద దాని గర్భనాళపు చివరి భాగమును విప్పి చూడవలెను. సాక్సటిలిస్ ఐనచో అక్కడ ఒక సంచి, ఆ సంచిలో ఇసుక రేణువులవంటి పిల్లలు వందల కొలదిగ నుండును. కొన్ని ఇంకను గ్రుడ్డు దశలో, కొన్ని చిన్న గుల్ల కట్టుకొని తల్లి పోలికలో నుండును. అర్కానా ఐనచో ఆ తావున సంచి యుండదు. దానికి బదులు జిగురు నిచ్చు తెల్లని గ్రంథి యుండును. ఈ జాతి తల్లి గ్రుడ్లను ఆ జిగురులో పొదిగి, తేమగల రాతి పగుళ్లలో ముద్దలుగ పెట్టి విడుచును. ఒకటి పిల్లలను కనును, మరొకటి గ్రుడ్లను పెట్టును. బయటి రూపములో లేని భేదము కడుపులో నున్నది.

ఇంతతో పని ముగిసినదనుకొనరాదు. ఈ గుర్తు ఎదిగిన ఆడ నత్తలకే వర్తించును. మగవాటిలో రెండు జాతులకును భేదము అతి స్వల్పము, నమ్మదగినది కాదు. ఎదగని పిల్లలలో అసలే కానరాదు. ఇది చాలదన్నట్లు, ఈ నత్తల కడుపులో ఒకవిధమగు పరాన్నజీవులు, మన గొఱ్ఱెల కాలేయమునకు పట్టు జలగ పురుగు జాతివి, చేరుట కలదు. అవి పట్టిన నత్తకు సంతానమిచ్చు అంగములు క్షీణించిపోవును. అట్టి ఆడదానిలో సంచియు కనబడదు, గ్రంథియు కనబడదు. తొందరపడి "సంచి లేదు గనుక ఇది అర్కానా" అని వ్రాసికొన్నచో లెక్క తారుమారగును. కావున ఒక రాతిమీద నూరు నత్తలను ఏరినను, నిశ్చయముగ పేరు చెప్పదగినవి అందులో కొన్నియే. మిగిలినవాటిని ప్రక్కన పెట్టవలసినదే. తెలియనిదానిని తెలియదని వ్రాసి ప్రక్కన పెట్టుట ఈ విద్యలో మొదటి పాఠమని మా అభిప్రాయము.

అయితే గ్రుడ్డు పెట్టునది, పిల్లను కనునది, ఈ రెండును ఒకే జాతిలో రెండు తెగలు ఏల కారాదు? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానము, రెండును ఒకే రాతిమీద ప్రక్క ప్రక్కన బ్రదుకుచుండియు తమ తమ పద్ధతులను నిలుపుకొనుటలో నున్నది. దేశి ఆవు, జెర్సీ ఆవు ఒకే మందలో మేసినచో నాలుగు తరములలో అన్నియు కలగలుపు దూడలగును. కలియుటకు అవకాశము పుష్కలముగ నుండియు కలగలుపు కానిచో, అవి వేరు జాతులని తలచుటకు బలమైన ఆధారము. అక్కడక్కడ కొంత సంకరము జరుగుచున్నదని తరువాతి పరిశోధనలు చూపినవి గాని, గీత చెరిగిపోలేదు.

2024లో ఈ నత్తల జన్యు పదార్థమునంతటిని చదివిన శాస్త్రజ్ఞులు మరొక వింత తెలిపిరి. పిల్లలను కను పద్ధతికి సంబంధించిన జన్యు భాగములు సుమారు 50 వేరువేరు చోట్ల నున్నవి. అవి ఒక్కసారిగ గాక, సుమారు లక్ష సంవత్సరముల లోపల మెల్లమెల్లగ చేరినవి. మిగిలిన జన్యు పదార్థమునుబట్టి చూచినచో రెండు జాతులను విడదీయుట అంత సులభము కాదు. ఏ భాగమును చూడవలెనో తెలిసినవారికే భేదము కనబడును. ఇంత చిన్న నత్తకు ఇంత లోతు గలదని 1978లో ఎవరు అనుకొందురు?

పేరు పెట్టు పద్ధతి

కొత్త జాతియని నిశ్చయమైన పిమ్మట పేరు పెట్టుటకు నియమములున్నవి. జంతువుల శాస్త్రీయ నామములకు మూలము స్వీడన్ దేశీయుడగు లిన్నేయస్ 1758లో ప్రకటించిన గ్రంథము. ప్రతి జాతికిని రెండు మాటల పేరు. మొదటిది ఇంటిపేరువంటిది, రెండవది సొంత పేరు. ఒకే జాతికి పలువురు పేర్లు పెట్టినపుడు, సాధారణముగ అందరికంటె ముందు అచ్చు వేసినవాని పేరే చెల్లును. గరుకు నత్తకు 1792 నాటి పేరు నిలిచి, తరువాత పెట్టిన నూరు పేర్లు కొట్టివేయబడుట ఇందువలననే.

పేరుతోపాటు వర్ణనయు ప్రకటింపవలెను. అన్నిటికంటె ముఖ్యము, ఒక నమూనాను 'ఇదియే మూల నమూనా' అని నిర్ణయించి, మ్యూజియము వంటి ఒక సంస్థలో భద్రపరచవలెను. నూరేండ్ల తరువాత ఎవరికైన సందేహము కలిగినచో ఆ సీసాను తీసి పోల్చి చూతురు. పొలము హద్దు తగవు వచ్చినపుడు సర్వే రాతిని వెదకినట్లే. రాయి కదిలినచో హద్దు లేదు. మూల నమూనా లేనిచో పేరునకు ఆధారము లేదు.

మన బంగాళాఖాతపు ఒడ్డున ఇట్టి పని జరుగుట లేదని అనుకొనవలదు. 1916లో స్థాపింపబడిన భారతీయ జంతు సర్వేక్షణ సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు 2024లో పశ్చిమ బెంగాలులోని దీఘా ఒడ్డునను, ఒడిశాలోని ఉదయపూర్ ఒడ్డునను దొరికిన ఒక చిన్న ప్రాణిని కొత్త జాతిగ ప్రకటించిరి. నత్తల దాయాదియే, గుల్ల మాత్రము ఒంటి లోపల దాగియుండును. పొడవు ఏడు మిల్లీమీటర్లు మించదు. నలుపు కలిసిన గోధుమ రంగు. వెనుక చివర కెంపువంటి ఎఱ్ఱని చుక్క. తడి యిసుక అడుగున ప్రాకుచు, పైకి కనబడక, ఇసుకమీద ఒక చిన్న ఉబ్బును మాత్రము కదలించుచు పోవును. పేరు మెలనోక్లామిస్ ద్రౌపది. వేలాది యాత్రికులు నడచు ఇసుకలో అది దొరికినది.

పొలము గట్టుకు వత్తము

ఇక మీ ప్రశ్నకు సమాధానము. చెఱకు పీక పురుగును అదుపులో నుంచుటకు ట్రైకోగ్రామా కార్డులు కట్టుట మీలో పలువురు ఎరుగుదురు. మిల్లీమీటరైనను లేని ఆ కందిరీగ, పురుగు గ్రుడ్లలో తన గ్రుడ్లు పెట్టి వాటిని నాశనము చేయును. మన దేశములో చాలకాలము దానికి పెట్టిన పేర్లు తప్పుడు పేర్లు. మినూటం అనియు, ఆస్ట్రాలికం అనియు వ్రాసికొనుచుండిరి. రంగునుబట్టి, పరిమాణమునుబట్టి గుర్తించిరి గనుక అట్లయినది; వేడి, చలి మారినపుడు ఆ రంగును మారును, ఆ పరిమాణమును మారును. 1960-70 ప్రాంతములలో బెంగుళూరులో పనిచేసిన నాగరాజ, సుధా నాగర్కట్టి అను శాస్త్రజ్ఞులు మగ కందిరీగ అంగపు నిర్మాణమును సూక్ష్మదర్శినిలో చూచి జాతులను విడదీయు పద్ధతిని స్థిరపరచిరి. ఆస్ట్రాలికం అని మనము పిలిచినది నేడు ట్రైకోగ్రామా కిలోనిస్. చెఱకునకు అది, వరి కాండము తొలుచు పురుగునకు ట్రైకోగ్రామా జపానికం. కార్డుమీది పేరు చదివి కట్టుడు. ఒకదానికి బదులు మరొకటి కట్టి ఫలితము లేదనుట కార్డు దోషము కాదు.

నత్త గర్భసంచిని చూచినవారును, కందిరీగ అంగమును చూచినవారును పట్టుకొన్న సూత్రము ఒకటే. బయటి రంగు, బయటి రూపు చోటునుబట్టి మారును. సంతానమునకు సంబంధించిన అంగములు అంత సులభముగ మారవు.

గుర్తింపు ఆలస్యమైనచో ఏమగునో, సకాలమున జరిగినచో ఏమగునో, ఒక ఆల్చిప్ప కథ చెప్పును. అమెరికా ఉష్ణమండలపు సముద్రమునకు చెందిన మైటిలోప్సిస్ సల్లీ అను చిన్న ఆల్చిప్ప ఓడల అడుగున అంటుకొని వచ్చి, 1967లో మన విశాఖపట్నము నౌకాశ్రయములో కనబడినది. తరువాత ముంబయిలోను స్థిరపడినది. ఇప్పటికిని ఓడల అడుగులకును, గొట్టములకును గుత్తులు గుత్తులుగ పట్టుచునే యున్నది. అదే ఆల్చిప్ప 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ రేవులో కనబడినది. ఆరు నెలల క్రిందటి తనిఖీలో లేనిది, అప్పటికే దట్టముగ పెరిగియుండెను. అక్కడివారు దానిని వెంటనే గుర్తుపట్టి, ఓడలు నిలుచు మడుగుల తలుపులు మూసి, క్లోరినును మైలుతుత్తమును కలిపి కొన్ని వారములలో నిర్మూలించిరి. ఆ మడుగులలోని ఇతర ప్రాణులును దానితోపాటు చచ్చినవి. ఆ వెల చెల్లించియే ఆ రేవును కాపాడుకొనిరి.

పొలములలోకి వచ్చిన నత్తలోను ఇట్టిదే కథ. నేడు బొప్పాయి, కూరగాయలు, పూలతోటలను తినుచున్న రాక్షస ఆఫ్రికా నత్త మన దేశపుది కాదు. బెన్సన్ అను ఆంగ్లేయుడు 1847లో మారిషస్‌నుండి తెచ్చి కలకత్తాలో ఒక తోటలో విడిచినదని చరిత్ర. అరచేతి పొడవు పెరుగును. శంఖమువలె కోసుగానుండి గోధుమరంగు చారలు గలది. చెఱువులలోని గుండ్రని, మూత గల మంచినీటి నత్తలతో దీనిని పొరబడరాదు. దీని గుల్లకు మూత లేదు. ఈ ఒక్క గుర్తు చాలును. దానిని ఒట్టి చేతులతో తాకవద్దు. మెదడు పొరలకు వాపు తెచ్చు ఒక నులిపురుగును అది మోయగలదు. సాయంకాలము తడి గోనెసంచులను గట్లవెంట పరచి, తెల్లవారి వాటి క్రింద చేరినవాటిని ఏరి ఉప్పు నీటిలో వేయుడు. ఉప్పును చేనిలో చల్లవద్దు. నత్త చచ్చును గాని నేలయు చెడును.

2018 మే నెలలో కర్ణాటకమున మొదట కనబడిన కత్తెర పురుగు ఆ సంవత్సరములోనే మన మొక్కజొన్న చేలకు వచ్చినప్పటి సంగతి మీకు గుర్తుండును. తలమీద తిరగవేసిన ఇంగ్లీషు 'వై' అక్షరపు గీత, తోకకు ముందు చదరముగ నాలుగు నల్లని చుక్కలు చూచినవారు దానిని పోల్చుకొనిరి. చూడనివారు పాత లద్దె పురుగే యనుకొనిరి.

తెలియనిది కనబడినపుడు

మీ చేనిలోగాని, చెఱువులోగాని, రొయ్యల గుంటలోగాని ఇదివరకెన్నడును చూడని నత్తయో పురుగో కనబడినచో, ముందు ప్రాణముతో నున్నపుడే సెల్‌ఫోనుతో పైనుండి, ప్రక్కనుండి, నత్తయైనచో నోటి వైపునుండి ఫొటోలు తీయుడు. ప్రక్కన ఒక రూపాయి నాణెమునో, కొలబద్దనో ఉంచినచో పరిమాణము తెలియును. ఒకటి కాక, చిన్నవి పెద్దవి కలిపి పది పండ్రెండు ఏరుడు. ఒక్కదానినిబట్టి జాతి చెప్పలేరని పైన చదివితిరి గదా.

వాటిని సీసాలో వేసి, మునుగునట్లు స్పిరిటు పోయుడు. ఫార్మలిన్ వద్దు, అది నిలువ యుండగా పులిసి గుల్లను కరగించును, జన్యు పరీక్షకు పనికిరాకుండ చేయును. ఉడికించుటయు, ఎండబెట్టుటయు వద్దు. సముద్రపు ఒడ్డున నుండువారు మరి రెండు సంగతులు గమనింపవలెను. కోసుగ, నున్నగ, చిత్రమైన వలలవంటి గీతలతో నుండు కోను నత్తలకు విషపు ముల్లు గలదు. ప్రాణముతో నున్నవాటిని ఎత్తరాదు. కొన్ని పెద్ద గుల్లలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రిందికి వచ్చును గనుక వాటిని ఏరుట, అమ్ముట నేరము. సందేహమున్నచో ఫొటో తీసి విడిచిపెట్టుడు.

సీసాతోపాటు ఒక చీటి వ్రాయుడు: గ్రామము, మండలము, సర్వే నెంబరు, ఏ తేదీన దొరికినది, ఏ పైరుమీద లేక ఎంత లోతు నీటిలో, పగలా రాత్రియా, ఎన్ని కనబడినవి, ఏరినవారి పేరు. చీటి లేని సీసా పారవేయదగినదే. దానిని మీ మండల వ్యవసాయాధికారికిగాని, దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రమునకుగాని అందజేయుడు. చీటిని సీసా బయట అంటించుట చాలదు, లోపలకూడ ఒకటి వేయుడు. పెన్నుతో వ్రాసిన సిరా స్పిరిటులో కరగిపోవును గనుక పెన్సిలుతోనే వ్రాయుడు.